కళ్ళు నెత్తికెక్కినవాడు

విమానాశ్రయంలో నాలుగో గేటు దగ్గర
మా కఫీల్ తమ్ముడు నా ఎదురుగానే నిలబడి చేయెత్తాడట.
నేను ఆయన భుజం మీదుగా
ఆయన కోసమే వెతుకుతున్నాను.
ఆ నెల జీతంలో పది దినార్ల కోత.
కళ్ళు నెత్తికెక్కడాన్ని అరబ్బీలో ఏమంటారో తెలీదు గానీ
ఆయన అన్నది అదే.

పదేళ్ళప్పుడు పుల్లంపేట బస్టాండులో
మేనమామను దాటుకొని పోయినందుకు
తిన్న చెంపదెబ్బకు
ఈ కోత చిన్న చెల్లెలు.

ఎట్లా చెప్పేది?
ముక్కు కనబడుతుంది, మీసం కనబడుతుంది,
గడ్డం కింది పుట్టుమచ్చ కూడా కనబడుతుంది.
అన్నీ కలిసి ఒక మనిషి కావడమే జరగదు.
కందులూ ఉప్పూ చింతపండూ విడివిడిగా విస్తట్లో పోసి
పప్పు తినమన్నట్టు.

అయినా ఈ ఊరు నాకు అచ్చొచ్చింది.
గురువారం రాత్రి సాల్మియాలో, మాల్ ముందు,
నల్ల అబాయాల్లో పదిమంది ఒకేసారి బయటికొస్తే
తక్కిన డ్రైవర్లు మెడలు సాచి తికమకపడతారు.
నేను మాత్రం, ఎడమ మడమ కొంచెం ఈడ్చే నడకను చూసి
ముందే తలుపు తీసి నిలబడతాను.
"నీకెట్లా తెలిసిందిరా?"
మీకెట్లా తెలీదో నాకు తెలీదు.

ముసలామెను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు
డాక్టర్ వఫా ఏదో పరిశోధనకు మనుషుల్ని పోగేస్తోంది.
తలకు ఐదు దినార్లు.
నిజంగా తలకే.
తారురోడ్డు పగలగొట్టే మిషన్ లాంటి మోతలో
నలభై నిమిషాలు కదలకుండా పడుకున్నాను.
తెర మీద నా మెదడు,
కాకరకాయను నిలువునా కోసినట్టు.

పాలకొల్లు నర్సు సత్యవేణి తెలుగు చేసి చెప్పింది:
"ఇదిగో, కుడివైపు అడుగున.
మొహాలు చదివే మడతంట అది. నీది కొంచెం పలచనండి."

ఆ మాటను రసీదులా పట్టుకున్నాను.
నలభై ఏళ్ళ తిట్లకు రసీదు.

డాక్టరు తల అడ్డంగా ఊపింది.
అదే కొలత మడత ఉన్న ఫిలిప్పీన్సు వంటామె
ఒకసారి చూసిన మొహాన్ని జన్మలో మరిచిపోదట.
వందల తలలు పక్కపక్కన పెడితే
ఏదో కాలిబాట లీలగా కనబడుతుందట,
ఒక్క తలను నిలబెట్టి అడిగితే
బొమ్మ నోరు విప్పదట.
"అయితే ఇది తలరాత కాదా?" అన్నాను.
సత్యవేణి ఆ ఒక్క మాటను అరబ్బీలోకి మార్చలేక
నవ్వి ఊరుకుంది.

రూములో ఓబుళపతి అన్నాడు:
"నా కోపం యాడుందో అడగకపోతివా చెండ్రాయన్నా?
ఐదు దినార్లు నేనే ఇస్తా, పెరికి పారేయమను."
అంటూనే కూరలో ఉప్పెక్కువైందని
గరిటె గోడకేసి కొట్టినాడు.

ముసలామె బొమ్మ కూడా ఆ వారమే వచ్చింది.
ఆమెది పలచన కాదు, కరుగుతోంది.
ఈ ఇళ్ళల్లో యజమానమ్మను మామా అనాలి,
మొదట్లో నోరు తిరిగేది కాదు, నవ్వొచ్చేది.

ఇప్పుడు రోజూ పొద్దున కారెక్కుతూ అడుగుతుంది:
"నువ్వెవరు?"
"డ్రైవర్ని మామా."
నేనూ ఆమెను యాలకుల వాసనను బట్టీ,
తస్బీ పూసల చప్పుడును బట్టీ సరిచూసుకుంటాను.
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

నిన్న ఐదో రింగు రోడ్డుకు తిరగబోయే ముందు
స్పీడు బ్రేకరు దగ్గర కారును
నీళ్ళ బిందెను దించినట్టు దించాను.
వెనక పూసల చప్పుడు ఆగింది.
"ఆగు, చెప్పకు. నువ్వు
నా నడుం కుదపనివాడివి కదూ?"

అద్దంలో ఒక ముసలి మొహం నవ్వుతోంది.
ఎవరిదో.
రెండో బ్రేకరు వస్తోందని
కాలు మెల్లగా నొక్కాను.