ఎడమకి లాగేది

నవెల్ తన కంప్యూటర్‌ని వీపుకి కట్టుకుని
వాల్పరైసో కొండ మెట్లెక్కేవాడు.
నూట అరవై ఒక్క మెట్లు. లెక్కపెట్టింది నేనే,
మానిటర్ మోసిందీ నేనే కాబట్టి.
సగంలో పసుప్పచ్చ గోడకి ఆనుకుని
ఊపిరి అందకుండానే మొదలెట్టేవాడు:
"సెకనుకి నూట నలభై బొమ్మలు రా,
నీ కన్ను పట్టుకోలేనన్ని!"
పట్టుకోలేనప్పుడు దేనికని అడిగితే
ఇరవై మెట్ల దాకా మాట్లాడేవాడు కాదు.

పైన యస్నా ఇల్లు. రేకు గోడలు,
సముద్రం వైపు కొంచెం ఒరిగిన నేల,
టీవీ కింద బూడిదరంగు కన్సోల్,
దాని మూత మీద ఎప్పటిదో టీకప్పు అచ్చు.
కంట్రోలర్లు నాలుగు. మూడు మంచివి.
నాలుగోది ఎడమకి లాగుతుంది.
వేలు పెట్టకపోయినా సరే
మన మనిషి తనంతట తనే
పక్కకి నడుచుకుంటూ పోతాడు,
ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా.

ఓడినవాడికి అదే. అట్టముక్క మీద రాసి
రిగో గోడకి మేకు కొట్టిన చట్టం.
ఆ చట్టం కింద బతికింది ఎక్కువగా నేను.

తెర నాలుగు ముక్కలు. ఎవరి మూల వాళ్ళది,
కానీ కళ్ళకి కంచె వేసేదెవరు?
నేను పీపాల వెనక నక్కితే
రిగో నా మూలలోకి ఒక్క దొంగచూపు విసిరి
తిన్నగా పీపాల దగ్గరికే వచ్చేవాడు.
"తొండి!"
"చూళ్ళేదు!"
"నా మీద ఒట్టేయ్!"
"ఎన్నైనా వేస్తా, పోతే పోయేది నువ్వేగా!"
యస్నాకి చూపులతో పనిలేదు, మోచెయ్యి చాలు.
తెరలో కారు కుడికి తిరిగితే
నలుగురం కుడికి ఒరిగేవాళ్ళం, సోఫా మూలిగేది,
కింది వాటాలో ఎదెల్మీరా చీపురు తిరగేసి
పైకప్పుని పొడిచేది.

ఇంతలో నవెల్ మోసుకొచ్చినది
మూల బల్ల మీద రంగురంగుల దీపాలతో
పెళ్ళికి పిలిచి ఎవరూ పలకరించని చుట్టంలా ఉండేది.
ఎంత గొప్ప వంటైతే ఏం,
వేసింది ఒకటే విస్తరి.

తర్వాత అందరం కంప్యూటర్లు కొన్నాం.
నవెల్ గెలిచాడు. కాదనను.
ఇప్పుడు వాన ఆకు ఆకు మీదా విడివిడిగా పడుతుంది.
రిగో దేశం అట్టడుగున,
గాలికి మనుషులు తాళ్ళు పట్టుకుని నడిచే ఊళ్ళో ఉన్నాడు.
ఇది లేకపోతే వాడూ లేడు మాకు,
అదీ ఒప్పుకోవాలి.

గురువారం రాత్రి, చెవుల మీద బరువు.
రేవులో ఓడ కూస్తే ముందు నా కిటికీలోంచి వినిపిస్తుంది,
కాస్త ఆగి యస్నా మైకులోంచి,
ఇంకాస్త ఆగి నవెల్ కొండ మీంచి.
ఒక్క ఓడ మూడుసార్లు వస్తుంది.
"ఏ ఓడరా?" అంటాడు రిగో, ప్రతిసారీ.
మంచు, కనపడట్లేదు, అంటాం.

నా మూల ఇప్పుడు మొత్తం నాదే.
పీపాల వెనక ఎంతసేపైనా దాక్కోవచ్చు.
దాక్కుని చాలాసేపైంది.

మొన్న కొత్త కంట్రోలర్ కొని తగిలించాను.
ఏ లోపమూ లేనిది. అయినా
తిన్నగా పోవాల్సిన నా మనిషి
కుడివైపు గోడని రాసుకుంటూ నడుస్తున్నాడు.
"తాగావా?" అన్నాడు నవెల్.
బొటనవేలు చూసుకున్నాను.
ఎవరూ లాగని ఎడమకి
అదింకా ఎదురు లాగుతోంది.

చెవిలో యస్నా నవ్వింది. తనకి తెలిసిపోయింది.
"నాలుగోది నా దగ్గరే ఉంది. కావాలా?"
పంపించు, అన్నాను.
"పంపను. వచ్చి ఓడిపో."