గాలి ధర

ఈ వేలంలో ఎవరూ అరవరు.
ఒకటోసారి, రెండోసారి లేదు. సుత్తి దెబ్బ లేదు.
లడ్లో ఊళ్లో, ఒకప్పటి చేతితొడుగుల దుకాణం మేడమీద
ఆకుపచ్చ బనాతు పరిచిన బల్లలపై
తొంభై మూడు గాలి తుపాకులు
మూడు రోజులు పడుకుని ఉంటాయి.
వచ్చినవాళ్లు ఒంటికన్నుతో గొట్టాల్లోకి తొంగిచూసి
మొహంలో ఏమీ కనబడనివ్వకుండా
మెట్లు దిగిపోతారు.
ధర కాగితం మీద, కాగితం కవర్లో,
కవరు నా ఇనప్పెట్టెలో.
గుప్పిట మూసినంతసేపే కదా!

గురువారం సాయంత్రం ఐదింటికి తెరిచేది నేను.
పందొమ్మిదేళ్లుగా తెరుస్తున్నాను.

నాకు మనుషులు అంకెల్లో తెలుసు.
నాలుగు వందలు అని రాసేవాడు కొత్తవాడు.
నాలుగు వందల ఏడు రాసేవాడు
ఆ కొత్తవాణ్ని ఎరిగినవాడు.
నాలుగు వందల పదకొండు పౌండ్ల ఇరవై పెన్నీలంటే
ఏడువాణ్ని కూడా ఎరిగి, రాత్రంతా నిద్రపోనివాడు.
కొట్టేసి తిరగరాసిన అంకెలో
ఇంట్లో ఆవిడ అన్న మాటంతా వినబడుతుంది.
ఒకాయన ఎప్పుడూ పెన్సిలుతోనే రాస్తాడు,
నేనే జాలిపడి కాస్త దిద్దిపెడతానని ఆశ కాబోలు.

ఈసారి అరవై ఒకటో లాటు
బర్మింగ్‌హామ్‌లో చేసిన చేతి తుపాకి, యుద్ధానికి ముందుది.
నల్లపూత సగం పోయింది. పిడికి ఎడమపక్క పెచ్చు లేచింది.
లోపలి తోలు వాషరు ఎండిపోయింది. ట్రిగ్గర్ నొక్కితే
ముసలాయన కుర్చీలో కూలబడ్డప్పటి నిట్టూర్పు, అంతే.
కానీ దానికి అట్టపెట్టె ఉంది,
మూతలోపల ఎలా వాడాలో చెప్పే చీటీ చిరక్కుండా ఉంది.
అసలు ఖరీదు దానిదే.

సోమవారం ఈనోక్ పార్జిటర్ వచ్చాడు,
విలెన్‌హాల్‌లో నలభయ్యేళ్లు తాళాలు చేసిన చేతులతో.
తుపాకి ఎత్తనైనా లేదు. పెట్టె మూత తీసి వాసన చూశాడు.
"ఎవడో దీనికి కుట్టుమిషను నూనె పోశాడు," అని విసుక్కున్నాడు.

మంగళవారం ఐవర్ ప్రాసర్.
సరిహద్దు దాటి, గొర్రెల వాసనతో, తడిసిన కోటుతో.
కవరు నా చేతికిచ్చి,
"ఈనోక్ వచ్చాడా?"
"చెప్పకూడదు."
"వచ్చాడన్నమాట."

ముప్పై ఏళ్లుగా కింద టీ కొట్లో ఒకే బల్ల వాళ్లది.
స్ప్రింగుల గురించి మాట్లాడుకుంటారు,
వాషర్ల గురించి, వాటిని పాడుచేసే మూర్ఖుల గురించి.
అంకె గురించి మాత్రం ఒక్కనాడూ లేదు.

బుధవారం రాత్రి ఈనోక్ నిద్రలోనే పోయాడు.
గురువారం పొద్దున్న టపాలో అతని కవరు వచ్చింది,
స్టాంపు కొంచెం వంకరగా.

పోయినవాడి మాట చెల్లుతుందా?
మా నియమాల కాగితంలో ఆ సంగతి లేదు.
పక్కన పెట్టెయ్, అన్నాడు మా యజమాని.
నేను పెట్టలేదు.

ఐవర్‌ది ఆరు వందల నలభై ఒకటి.
మూడు వందలు ఎన్నడూ దాటని మనిషి.
ఈనోక్ కాగితం మీద, తాళంచెవి పళ్లలాంటి అక్షరాల్లో:
"లాటు 61. పెట్టె మాత్రమే చాలు. నూట ఎనభై.
తుపాకి ఐవర్‌కి ఇచ్చెయ్యండి, వాడి దగ్గర లేదు."

బతికుండి రాసినా చెల్లని మాట.
లాటును విడదీయం మేము.

శనివారం ఐవర్ డబ్బు లెక్కపెట్టాడు, రెండుసార్లు.
"ఎంతలో పోయింది వాడికి?"
"చెప్పకూడదు."
"ఒక్క పౌండేనా?"
నేను కిటికీ వైపు చూశాను. బయట వాన.
ఔననుకున్నాడు. నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు,
బల్ల అంచు పట్టుకుని.

మెట్ల మీద ఆగి పెట్టె తెరిచిన చప్పుడు.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత పైకి వినబడేలా, కోపంగా,
"ఎవడో దీనికి కుట్టుమిషను నూనె పోశాడు!"

ఓడిన కవర్లు శుక్రవారమే ముక్కలు చెయ్యాలి.
చేశాను, దాదాపు అన్నీ.

అరవై రెండో లాటు, చేతికర్రలో దాచిన గాలి తుపాకి.
దానికి ఒక్క కవరూ రాలేదు.