నాలుగో దూలం

నిచ్చెన మూడో మెట్టు విరిగిందని
ముందే చెప్పాడు సెక్రటరీ అభిషేకరావు.
అసలు సంగతి మాత్రం నేను సగం ఎక్కాక చెప్పాడు:
"పనికిరాదని రాసిస్తారుగా సారూ,
స్లాబుకి చందాలు సగం వచ్చేసినయ్."

నేను పలకలేదు.
టార్చి నోట్లో ఉంది.

పైన, బెంగుళూరు పెంకుల కింద
గుంటూరు మే నెల
మూతపెట్టిన పెనంలా కాగుతోంది.
ఎన్నేళ్ళ దుమ్మో. మిర్చియార్డు ఘాటూ అందులోనే.
ఒక్క తుమ్ము తుమ్మితే
మూడు పావురాలు
ప్రార్థన మధ్యలో లేచిపోయాయి.

ఒకటో దూలం.
సుత్తి తిరగేసి పిడితో తట్టాను.
ఖణేల్‌మంది.
నూట పాతికేళ్ళ రంగూను టేకు
నిన్న కోసినట్టు పలికింది.
రెండూ అంతే. మూడూ అంతే.
నిట్రాట దగ్గర ఇనుప పట్టీ తుప్పు గోటితో గీకి
వాసాలన్నీ వేళ్ళతో తడుముకుంటూ
నాలుగో దానికొచ్చాను.
నడుమ బాగానే పలికి,
పడమటి గోడలోకి దిగేచోట
దగ్గొచ్చి ఆపుకున్నవాడిలా
శబ్దాన్ని మింగేసింది.

మా మేస్త్రి అనేవాడు:
"దూలానికి నడుం నొప్పి రాదురా అబ్బాయా,
చెవుల్లో చీము పడుద్ది."

ఆర దించాను. ఒక అంగుళం. రెండు.
మూడో అంగుళానికి ఆన దొరకలేదు,
తడి బెల్లంలోకి దిగినట్టు దిగింది.

కిందనుంచి తబితమ్మ కేకేసింది.
నలభై ఏళ్ళుగా ఈ గుడి ఊడ్చే మనిషి.
"నాలుగోదేనా? ఆడవాళ్ళ వరస మీదిదేనా?
అక్కడ నేను సత్తు డేక్సా పెడతా.
మిగతా చోట్ల చెంబులు చాల్తయ్."
వానొస్తే ఏ గిన్నె ఎక్కడో
ఆవిడ చెబుతూ నడిచింది కింద,
నేను పైన సుద్దముక్కతో పాకుతూ పోయాను.
ఆరు గిన్నెలు, ఆరు సున్నాలు.
నా తేమ మీటరు అయిదింటికి ఒప్పుకుంది.
ఆరోచోట పొడి అంది.
పెంకెత్తి చూస్తే, వెంట్రుకంత నెర్రె.
మీటరు జేబులో పెట్టేశాను.

ఏడో దూలం మీద ఉలితో చెక్కిన అంకె:
౪.
వెనక్కి పాకి దుమ్ము తుడిస్తే
నాలుగో దాని మీద ౭.
ఎత్తేటప్పుడు తారుమారయ్యాయన్నమాట.
ఆ రోజు తాళ్ళు పట్టినవాళ్ళలో
ఎవరు ఎవర్ని తిట్టుకున్నారో,
గొడుగు కింద దొర
చూశాడో, చూడనట్టు ఊరుకున్నాడో.
ఏడో చోటికి కోసిన దూలం
ఇక్కడ నాలుగు వేళ్ళు పొట్టి.
సందులో తాటిముక్క దిగ్గొట్టి
పైన సున్నం మెత్తి
పొద్దుగూకకముందే దిగిపోయారు.
ఆ తాటిముక్కే, వానకింతా వానకింతా తాగి,
పక్కనున్న టేకుకీ పట్టించింది.

ఒకటో దూలానికి మళ్ళీ పోయాను, ఎందుకో.
పెంకుల వైపు,
కిందనుంచి ఏ కంటికీ అందనిచోట
కందిగింజంత శ్రీ.
వడ్రంగి ఎవరో
పని మొదలెట్టే ముందు
చేతికి అలవాటైనట్టు చెక్కుకున్నాడు.
దాని మీద బొటనవేలు పెట్టి
కాసేపు ఊపిరి పీల్చుకున్నాను.

"ఏమన్నా రాసుందా సారూ పైన?"
"అంకెలు," అన్నాను.

దిగేటప్పుడు మూడో మెట్టు మర్చిపోయాను.
మోకాలు చీరుకుపోయింది.
బల్ల మీద కూచుని ఆ చెమటతోనే రాశాను:
ఎనిమిది బాగు.
నాలుగోది పడమటి కొస మూడడుగులు తీసి
కొత్త టేకు అతకాలి. తాటిముక్క పెరికెయ్యాలి.
పెంకులు డెబ్భై మార్చాలి.
స్లాబు అవసరం లేదు.

అభిషేకరావు రెండుసార్లు చదివి
కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.
"చందాలు వెనక్కివ్వడం
ఎక్కడన్నా చూశారా సారూ మీరు?"

తబితమ్మ సత్తు డేక్సా తెచ్చి
ఎప్పుడూ పెట్టేచోట కాకుండా
రెండడుగులు ఇటు పెట్టింది.
కిటికీలోంచి చూశాను,
మబ్బు తునక లేదు.

"మీరు పెంకు కదిపారుగా," అంది.