రెండు గీతలుంటే మలుపు

కెంటకీ కొండల్లో అక్టోబరు ఉదయం.
స్టేట్ పార్క్ గేటు పక్కన చెక్కపెట్టె,
అందులో తేమకి ఉబ్బిన నోటుపుస్తకం.
ఆర్వల్ టాకెట్, డెబ్భై ఎనిమిది.
"ఎక్కడికి" అన్న గడిలో
"చెట్లని చూసి రావడానికి" అని రాశాడు.
ఆయన కింద నేను, రోవీనా స్పర్లాక్,
బడి వంటగదిలో పని, శనివారం సెలవు.
తిరిగొచ్చే సమయం ఖాళీగా వదిలేశాం.

పెరుగు డబ్బాలో నీలిరంగు,
రెండంగుళాల కుంచె, బెరడు గీకే రేకు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ దారి
ఆయన గీతల్ని నమ్ముకుని నడిచింది.
ఇప్పుడు ఒక కంట పొగ, ఒక కంట మసక.
అందుకని నేను.

"ముందు నువ్వు నడు" అన్నాడు.
పొద్దున్నే మొదట నడిచేవాళ్ళ మొహానికే
సాలెగూళ్ళన్నీ.
"కొత్తవాళ్ళు కట్టాల్సిన పన్ను అది."
కనురెప్పలతో కట్టుకుంటూ పోయాను.

గీత జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు.
ఒకటుంటే తిన్నగా.
ఒకదాని మీద ఒకటి, రెండుంటే మలుపు,
పై గీత ఎటు ఒరిగితే అటు.
మూడుంటే?
"దారి అయిపోయినట్టు" అని
బూటు లేసు ముడి సరిచేసుకున్నాడు,
అది విడిపోలేదు.

బీచ్ చెట్టు నున్నటి ఒంటి మీద
ఎవరో చాకుతో చెక్కిన రెండు అక్షరాలు.
వేలితో తడిమి చదివాడు:
"ఇతను బొగ్గు లారీ నడిపేవాడు.
ఆ పిల్ల ఇతని తమ్ముణ్ణి చేసుకుంది."
బెరడుకి ఆ కబురు అందలేదు,
ఏటేటా అక్షరాల్ని ఇంకాస్త వెడల్పు చేస్తోంది.

హెమ్లాక్ సూదాకుల అడుగున
దూదిపింజల్లా తెల్లటి పురుగు.
జ్వరం చూసినట్టు మానుకి అరచెయ్యి ఆనించి
కాసేపుండి, "వెయ్యి" అన్నాడు.
ఎండిపోయే చెట్టుకి కొత్త రంగెందుకని
అడగబోయి, కుంచె ముంచాను.

బండరాయి మీద బొలోనా శాండ్‌విచ్చులు,
సీసాలో ఊరిన మిరపకాయలు.
పైనుంచి హికరీ కాయలు
లెక్క తప్పకుండా మా మీదే రాలాయి.
సిగ్నల్ లేని ఫోన్ని ఆకాశానికి చూపిస్తూ
ఓ తండ్రి, వెనక ఎర్ర టోపీ పిల్లాడు:
"జలపాతం ఇంకా ఎంత దూరం?"
"ఎవరి కాళ్ళకి?" అన్నాడు ఆర్వల్.
పిల్లాడు తన కాళ్ళని సీరియస్‌గా చూసుకున్నాడు.

వాగు దాటాక
ఉండాల్సిన ఓక్ లేదు.
జులై గాలికి వేళ్ళతో సహా ఒరిగి
దారికడ్డంగా పడుకుంది.
ఆర్వల్ దాని పొడవునా చేతులతో నడిచి
తన గీతల్ని వెతికి పట్టుకున్నాడు.
రెండూ ఉన్నాయి, రంగు కూడా పోలేదు.
ఎక్కడికో మలుపు తిరగమంటున్నాయి,
అటు చూస్తే మబ్బులే.

చాలాసేపు మాట్లాడలేదు.
వాగు ఒక్కటే వాగింది.

"నువ్వే చెట్టు చూడు."
ఓ మేపుల్ చూపించాను.
"మణికట్టంత లేదు, గీత భయపడుతుంది."
ఓ సికమోర్. "ఇది బెరడు విడుస్తుంది,
నీ మాట కూడా విడిచేస్తుంది."
నన్ను పది అడుగులు వెనక్కి నడిపించి
భుజాలు పట్టి తిప్పాడు:
"గీసేదానిలా కాదు.
కాళ్ళు నొప్పులు, పొద్దు వాలింది,
నీకు దారి తెలియదు. అలా చూడు."

అలా చూశాను.
రెండు రాళ్ళ నడుమ ఓ నల్ల ఓక్
అప్పటిదాకా లేనట్టూ, నాకోసమే ఉన్నట్టూ కనిపించింది.

గీశాను. బొటనవేలితో తడిమాడు.
"వంకర."
"కొండ వంకరేమో."
"కొండ మీద ముప్ఫై ఏళ్ళు నేనూ అదే చెప్పాను."

గేటు దగ్గరి ఆఖరి చెట్టు మీద
మూడు గీతలూ వెలిసిపోయి ఉన్నాయి.
ఆర్వల్ ఆగాడు, చెయ్యి చాచాడు.
రంగైపోయిందన్నాను.
నా సంచిలో డబ్బా
సగానికి పైగా నిండుగా చప్పుడు చేసింది.
ఆయన కళ్ళే మసక, చెవులు కావు.
"అయితే వచ్చే శనివారం" అన్నాడు.

నోటుపుస్తకంలో తిరిగొచ్చిన సమయం రాస్తుంటే
పేజీ మీద నీలంగా ఆయన బొటనవేలు పడింది.