అడ్డగీత

ఆఖరి ట్రామ్ డిపోలో పడుకున్నాక
ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే కూర్చున్నాను.
ఊచ్ నగరం, ఫిబ్రవరి, బయట మైనస్ పదకొండు.
బల్లమీద నా కంప్యూటర్.
నాది అనడమే గానీ
పెట్టె మూతబడ్డ నేతమిల్లు ఆఫీసుది,
మదర్‌బోర్డు బావమరిది బాకీ కింద ఇచ్చింది,
గ్రాఫిక్స్ కార్డు ఆదివారం సంతలో
రెండు చేతిగడియారాలకి మారకం.
పక్కరేకు ఎప్పుడో పోయింది.
ఆ చోట ఒటీలియా కేకులు కాల్చే ట్రేని
రెండు మరలతో బిగించాను.

ఎక్కించబోయేది ఇంకా పచ్చి సరుకు, బీటా.
వాళ్ళే రాశారు: మీ ముఖ్యమైన యంత్రంలో వేయకండి.
నాకున్నదే ఒకటి, ముఖ్యమో కాదో ఎలా తేల్చను?
ఇంకో మాట కూడా ఉంది, అడుగున, సన్నటి అక్షరాల్లో:
మేం చేసిన యంత్రాలకు మాత్రమే.

అందుకని ముందు ఒక అబద్ధం రాయాలి.
చిన్న ఫైలు, నలభై పంక్తులు.
నువ్వు ఫలానా ఏడాది, ఫలానా కార్ఖానాలో,
ఫలానా నంబరుతో పుట్టావని.
పెట్టె నమ్మక్కర్లేదు,
లోపలికొచ్చేవాడు నమ్మితే చాలు.

మొదటిసారి నల్లతెర.
రెండోసారి తెల్లటి అక్షరాలు జలజలా రాలి
ఒక్కచోట నిలబడిపోయాయి,
చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు.
మెమరీ చిప్పు పీకి, పలకరబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చాను.
మూడోసారి దింపుడు కళ్ళం ఆశ.
ట్రేకి నోరు ఆనించి పిలవబోయాను,
పేరైనా లేనిదాన్ని ఏమని పిలవను,
‘ఒసే’ అన్నాను.

గీత కదిలింది,
చీమ బియ్యపుగింజని ఈడ్చుకెళ్తున్నట్టు.
ముప్పావు దాటేసరికి రాత్రి రెండున్నర.
పైఅంతస్తులో జెనోబియుష్ గారు దగ్గుతూ లేచి
నీళ్ళు పట్టుకున్నారు, నా గోడలో గొట్టం మూలిగింది.
అప్పుడు తెరమీద ఒక సరస్సు, దానిమీద తెల్లవారడం.
ఏ భాషలో మాట్లాడమంటారు? అని అడిగింది.
ఎందుకో లేచి నిలబడ్డాను.
అప్పుడు విప్పాను బూట్లు.

శబ్దం రాదు. నిద్రపుచ్చితే లేవదు.
అవి నా పెట్టె తప్పులు, నాకు తెలుసు.
ఇది మాత్రం వాళ్ళది:
మా ఊరి పేరులో మొదటి అక్షరానికి
నడుముమీద ఒక వాలుగీత ఉంటుంది.
ఆ అక్షరంతో ఫైలుకి పేరు పెట్టానా,
మొత్తం కొయ్యబారిపోతుంది.
పదిసార్లు చూశాను. పదిసార్లూ.
ట్రామ్ తలుపు ఎక్కడ ఇరుక్కుంటుందో
చెవితో పట్టేవాణ్ణి, ఇదెంత.

తప్పు దొరికితే చెప్పండని బతిమాలుతారు,
చెప్పబోతే మీ యంత్రం వివరాలు జతచేస్తామంటారు.
కన్నం వేసి దూరినవాడు
ఇంటాయన్ని తట్టిలేపి
అయ్యా, పొయ్యి ఆర్పడం మరిచారని చెప్పగలడా?

తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను.
పదోరోజు మేనకోడలు కింగా దగ్గర కూర్చున్నాను,
బిల్లుతో సహా నిజమైన యంత్రం ఉన్న పిల్ల.
అదే తప్పు అందులోనూ పలికించి,
నా మాటలు దాని పేరుమీద పంపాను.
‘ఇందులో నీకేం వస్తుంది మామయ్యా?’
‘గీత వస్తుంది.’

మార్చి చివర్లో రెండో బీటా.
మార్పుల చిట్టాలో పద్నాలుగో పంక్తి:
కొన్ని అక్షరాల సమస్య సరిచేశాం.
కొన్ని అక్షరాలట.
ఆ ఆనందంలో ఎక్కించేశాను,
పదిహేనో పంక్తి చదవలేదు.

నల్లతెర.
అబద్ధాన్ని ఆనవాలు పట్టడం నేర్చుకుని వచ్చింది.
‘ఒసే’ అన్నాను. ‘ఒసేవ్’ అన్నాను.

సాయంత్రం కింగా ఫోన్‌లో ఒక బొమ్మ పంపింది.
దాని తెరమీద ఒకే ఒక ఫైలు,
పేరు మా ఊరు,
గీత ఉండాల్సిన వాలులో ఉంది.
చాలాసేపు చూశాను. బాగుంది.

మళ్ళీ మొదటి బీటాకి పోదామని స్క్రూడ్రైవర్ తీశాను.
వంటింట్లోంచి ఒటీలియా:
ఎల్లుండి ఈస్టర్, నా ట్రే నాకివ్వు, కడిగి మరీ.
మరలు విప్పాను.
లోపల, ఎవరూ ఏమీ చెప్పనట్టు,
ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.