ఒరగొద్దన్నది

ఫర్వానియా మందుల షాపుల
మలయాళీ అక్క ముక్కల హిందీల చెప్పింది:
పాలు, లబన్ తాగొద్దు.
మింగినంక అర్ధగంట ఒరగొద్దు.
ఇంకోటి, ఎండల తిరగొద్దు.

నవ్వొచ్చింది.
బయట నా బండి, బండెనుక డబ్బా,
డబ్బాల ఎవరిదో బిర్యానీ.

నాది పై మంచం.
కూసుంటే నెత్తి సీలింగుకు తాకుతది.
అందుకే పన్నెండు దాటినంక
మెట్ల మీద కూసుంట,
రొమ్ముల సుద్దముక్క అడ్డంపడ్డట్టు.
కడుపుల దేవుతది.
కారు కింది పిల్లి లేచి చూసి
మల్ల పండుకుంటది. దానికేం.

ఆరోవారం వీడియోల నవనీత:
"మొటిమలన్ని పోయినయ్ గద! మంచిగైనవ్."

ఫోను నీళ్ల సీసకు ఆనిచ్చిన.
హ్యాండిల్ పట్టి పట్టి
పొట్టు లేస్తున్న రెండు చేతులు
తొడల కింద పెట్టుకున్న.

ఇంక పద్నాలుగు గోళీలున్నయ్.