నాలుగింటి షట్టరు

పద్నాలుగో మైలు షట్టరు కాడ
ముప్పై రెండేళ్లు లస్కరుగా చేసినోణ్ణి.
నీళ్ల సంగతి నాకు చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు
తెర నా వేపు తిప్పేడు.
నల్లటి బొమ్మలో తెల్లటి కాలవలు,
అక్కడక్కడ పొట్టలు ఉబ్బి.
"అడ్డం ఏదీ లేదు తాతా.
గుండె నాళాలే, ఉండాల్సినదానికన్నా వెడల్పు."

గున్నమ్మ మొహం తేటపడింది.
"ఎడల్పయితే మంచిదే కదేటి బాబూ, మరి నొప్పేటి?"
డాక్టరు కలం తీసి కాగితం మీద గీస్తున్నాడు.
నాకా గీత అక్కర్లేకపోయింది.

తిలారు దాటేక ఒకచోట
గట్టు జారి కాలవ చెరువంతయింది.
చూసినోళ్లు, అబ్బో ఎన్ని నీళ్లో అంటారు.
ఆ నీటికి నడక లేదు.
ఒండ్రు పడతాది, గుర్రపుడెక్క అల్లుకుంటాది,
దిగిన గేదె సాయంత్రం దాకా లేవదు.
శివారు మడికి చుక్క చేరదు.

"అది సగమే. ఆ వెడల్పు నాళమే
ఉన్నట్టుండి బిగుసుకుంటుంది,
పిక్క పట్టేసినట్టు. కాసేపుండి వదులుతుంది."

నిజమే. పగలు గట్టెంట అయిదు మైళ్లు నడిచినా ఏమీ అవదు.
యూరియా బస్తా ఎత్తినా అవదు.
తెల్లారగట్ల నాలుగింటికి, ఊరికే పడుకునుంటే,
తడక సందుల్లోంచి చలిగాలి దూరినప్పుడు
ఎవరో చక్రం తిప్పుతారు.
కిర్రుమనదు కూడా.
రొమ్ము నడిమిన పలక దిగుతాది.
దవడ నించి చిటికెనేలి దాకా
ఎండిపోతాను.

వరి పొట్ట మీదున్న ఏడు
దుంపల అసిరయ్య నా చొక్కా పట్టుకున్నాడు:
"రాత్రికి రాత్రి నువ్వే దించీసినావు!"
నాను దించలేదు. తాళం నా మొలతాడుకే ఉంది.
ఒట్టేసినా నమ్మలేదు.
అసిరయ్య పోయి ఆరేళ్లు.
ఉంటే ఇప్పుడు చెబుదును,
తాళం మన మొలనే ఉంటాది, అయినా దిగిపోతాది.

చుట్ట మానీమన్నాడు డాక్టరు. మానేను.
గున్నమ్మ చూస్తున్నంతసేపూ మానేను.

నాలిక కింద మాత్ర చురుక్కుమంటాది.
షట్టరెత్తినా నీళ్లు వెంటనే రావు,
ముందు తడి వాసన వస్తాది,
తరవాత కాలవ అడుగున ఎండుటాకులు కదుల్తాయి.
గున్నమ్మ సెల్లు లైటు నా మొహాన వేసి
"వచ్చిందేటి?" అంటాది.
ఇంకా లేదే,
ఆకులు కదుల్తన్నాయి.